పాలసొర కొన్న ఇళ్లు

మొన్నొక ఉదయం మా ఎదురింటి పక్కనున్న అంగన్‌వాడీలో చంటిపిల్లలకి టీకాలు వేస్తున్నారు. నేను అరుగు మీద కాఫీ గ్లాసుతో కూర్చుని, ఎవరి పిల్ల ఎంత గట్టిగా ఏడుస్తోందో వింటూ కాలక్షేపం చేస్తున్నాను. రిటైరైన వాడికి అంతకన్న పెద్ద పనులు ఎవరూ అప్పజెప్పరు. మా వీధిలో పుట్టింటికి నాలుగు రోజులుందామని హైదరాబాదు నుంచి వచ్చిన ఒకమ్మాయి, తొమ్మిది నెలల పిల్లని చంకనేసుకుని వెళ్లి, మాది ఈ ఊరు కాదండి, పిల్ల కార్డు కూడా తేలేదండి అని నసుగుతోంది. టీకా వేసే నర్సమ్మాయి తలైనా ఎత్తకుండా, "ఎక్కడి పాపైనా పర్లేదండి, చెయ్యి గట్టిగా పట్టుకోండి" అంది. అంతే. మొత్తం అరనిమిషం పట్టింది.

ఆ అరనిమిషం పని చెయ్యడానికి మేము ఒకప్పుడు ఒక కమిటీ వేశాం.

నా ఈడు వాళ్లకి గుర్తుండే ఉంటుంది, యానాం నుంచి ఏటి అవతలికి వెళ్లాలంటే వంతెన లేని రోజులవి. రేవులో పడవ నిండేదాకా కూర్చోవాలి, నిండాక నిలబడాలి. నేను అప్పుడే కాకినాడలో బి.కాం. రెండో క్లాసులో ప్యాసై ఇంటికొచ్చాను. వేటకి వెళ్లే మా పేటలో కాలేజీ మెట్లెక్కిన మొదటివాణ్ణి కావడం వల్ల, నాకు రాని విద్య ఉండదని మా వాళ్ల నమ్మకం. అర్జీలు నేనే రాసేవాణ్ణి, శుభలేఖలు నేనే రాసేవాణ్ణి, ఒకరిద్దరు కుర్రాళ్లకి ఉత్తరాలు కూడా రాసిపెట్టాను. ఆ పెళ్లిళ్లు జరగలేదు, తప్పు దస్తూరీది కాదని నా మనవి. ఉద్యోగం మాత్రం రాలేదు. అటువంటి సమయంలో మా పేట పిల్లలకి తట్టు రాకుండా సూది వేయించే పనికి కలిసొచ్చిన పెద్దలు నన్ను లెక్కలు రాసే మనిషిగా పెట్టుకున్నారు.

పెద్దలంటే మరీ ఎక్కువమంది కాదు. పాస్టరు గారు తమ ప్రార్థన మందిరం వరండా ఇచ్చారు, పేటలో ఎండ తగలని చోటు అదొక్కటే గనక. మా కులపెద్ద టముకు వేయించే బాధ్యత తీసుకున్నాడు. నర్సమ్మ గారు ఐసుపెట్టెతో మందు తెచ్చేవారు. నేను నా దస్తూరీ ఇచ్చాను. వరండాలో కుర్చీలు రెండే ఉండేవి కాబట్టి, హిందువుల పెద్ద కూర్చోవాలా, కిరస్తానీ పెద్ద కూర్చోవాలా అనే చర్చకే మొదటి సమావేశం సరిపోయింది. చివరికి ఇద్దరూ కూర్చున్నారు, నర్సమ్మ గారు నిలబడ్డారు. పని చేసేది ఆవిడే కనక అది సబబుగానే తోచింది.

మొదటి విడత ఎలా జరిగిందంటే, నర్సమ్మ గారు పొద్దున్న పదింటికి వచ్చారు. ఆ వేళకి మా పేట ఆడవాళ్లంతా గంపలెత్తుకుని మార్కెట్లో ఉంటారు. వరండా నిండా చేరింది ఎవరయ్యా అంటే, బజారు వీధి వాళ్లు, ఆఫీసు ఉద్యోగస్తుల ఇళ్ల వాళ్లు, చుట్టుపక్కల ఆంధ్రా ఊళ్ల నుంచి స్కూటర్ల మీద వచ్చినవాళ్లు. పిల్లలకి పౌడరు రాసి, కాటుక చుక్క పెట్టి మరీ తెచ్చారు. పన్నెండయ్యేసరికి మందు అయిపోయింది. ఒంటిగంటకి మా వాళ్లు, చేతుల మీద పొలుసులు ఎండిపోయి, పిల్లల్ని చంకన వేసుకుని పరిగెత్తుకొస్తే నర్సమ్మ గారు ఖాళీ పెట్టె చూపించారు. ఒకావిడ పెట్టెలోకి తొంగిచూసి, "ఇదేటమ్మా, సూదిమందు కూడా మా సేపల్లాగ పొద్దుటే అమ్ముడైపోద్దా?" అంది. నర్సమ్మ గారు తల వంచుకున్నారు. నాకు మాత్రం రోషం వచ్చింది. చదువుకున్నవాడికి రోషం వస్తే ఏం చేస్తాడు, రూలు రాస్తాడు.

రెండో విడతకి సూది మధ్యాహ్నం రెండింటికి వేయాలన్నాడు కులపెద్ద. అది మంచి నిర్ణయం. మిగతాది నాది. రేషను కార్డులు ఇంటింటికీ తిరిగి చూసి, ఏ కార్డులో ఎంత వయసు పిల్లలున్నారో జాబితా రాసి, ఒక్కొక్కరికీ పసుపు కాగితం మీద చీటీ ఇస్తాను, చీటీ ఉన్నవాళ్లకే సూది, బయటివాళ్లు ఎంతటివాళ్లయినా సరే వెనక్కి, అని చెప్పాను. పెద్దలిద్దరూ కుర్చీల్లో ముందుకు జరిగి మరీ మెచ్చుకున్నారు. నర్సమ్మ గారు మాత్రం, "నాకు రూళ్లేం తెలీవు బాబూ. పిల్ల, సూది, అంతే" అన్నారు. ఆవిడ నిలబడి ఉన్నారు కనక ఎవరూ పట్టించుకోలేదు.

కాదన్నది మా మేనత్త ఒక్కతే. ఆవిడ కమిటీలో లేదు. పాస్టరు గారి భార్యకి చేపలమ్మడానికి అటుగా వచ్చి, గంప దించి, మా మాటలు చెవిన పడి ఆగింది.

"ఒరే అబ్బాయ్, కార్డుల్లో పిల్లలుంటార్రా? పిల్లలు ఉయ్యాల్లో ఉంటారు. ఏ ఇంటికి పాలసొర ఎల్తుందో నన్నడుగు, ఏలు పెట్టి చూపిత్తాను."

మా వైపు సంగతి తెలియనివారికి చెబుతున్నాను. బాలింతకి పాలు పడాలంటే పాలసొర అనే చేప పులుసు పెట్టాలి. పిట్టు చేసి పెట్టినా మంచిదే. అందుకని చేపలమ్మే మనిషికి ఏ ఇంట్లో బాలింత ఉందో, పిల్లకి ఎన్నో నెలో, తల్లికి పాలు చాలుతున్నాయో లేదో ఎవరూ చెప్పక్కర్లేదు. పైగా మాలో ఆడపిల్ల పురిటికి పుట్టింటికే వస్తుంది. వచ్చింది మూడో నెలకి వెళ్లాలి, అయిదో నెలకి వెళ్లాలి అంటారు గాని, మొగుడు బోటు మీద విశాఖ వైపు వేటకి వెళితేనో, ఆషాఢం అడ్డం వస్తేనో, మూఢం తగిలితేనో ఏడాది నిండేదాకా ఇక్కడే ఉంటుంది. అంటే, సూది పడవలసిన వయసులో పిల్ల అమ్మమ్మ ఇంట్లోనూ, పేరు నాన్నమ్మ ఊరి కార్డులోనూ ఉంటుంది. చాలాసార్లు ఆ కార్డులో కూడా ఉండదు. ఇది మా పేటలో నడవడం వచ్చిన ప్రతివాళ్లకీ తెలుసు. బి.కాం. చదివినవాడికి తెలియలేదు.

తెలియలేదని కూడా అనలేను. నేను అన్నదేమిటంటే, "అత్తా, సర్కారు కాగితాల్లో పాలసొరకి గడి లేదు." అందరూ నవ్వారు. కులపెద్ద పొట్ట పట్టుకుని నవ్వాడు. పాస్టరు గారు కొంచెం ఆలస్యంగా, కాని నిండుగా నవ్వారు. నాకు జోకులు వేసే జబ్బు అప్పటికే ముదిరి ఉంది, ఆ రోజు దానికి మంచి ఆదరణ కూడా దొరికింది.

మా అత్త గంప నెత్తికెత్తుకుంటూ, "గడి లేపోతే గీసుకోవాలి గానీ నవ్వుతారేటిరా. నవ్వండి, నవ్వండి" అనేసి పోయింది.

అప్పటికి మా అక్క పురిటికొచ్చి తొమ్మిది నెలలు దాటింది. అక్కని ఇచ్చింది ఏటి అవతల లంకలో. బావ బోటు మీద వెళ్లి ఇంకా రాలేదు, అతనొచ్చాక తీసుకెళ్తామని అత్తవారు కబురంపారు. పెళ్లయ్యాక అక్క పేరు మా కార్డులోంచి కొట్టించిన వాణ్ణి నేనే; అర్జీ నా దస్తూరీలోనే ఉంది. పిల్ల, అంటే నా మేనకోడలు, పగలంతా మా ఇంట్లో పాకుతూ ఉండేది. మా మేనత్త వీధి మొదట్లో "సేపలో..." అని కేక వేసేసరికి ఎక్కడున్నా సరే, చేతిలోది పారేసి గుమ్మం దాకా దూసుకొచ్చేది. ఆవిడ గంప దించితే అందులో చెయ్యి పెట్టి తిట్లు తినడం ఆ పిల్లకి రోజూ ఉండే వేడుక.

సూది రోజు నేను పాస్టరు గారి వరండాలో బల్ల వెనక కూర్చున్నాను. ఎదురుగా జాబితా, చేతిలో ఎర్ర పెన్సిలు. బయటి ఊరి స్కూటర్లు నాలుగు వస్తే తిప్పి పంపేశాను. ఆ నలుగురు తల్లుల ముఖాలు చూడలేదు, చీటీల కోసం చేతులే చూశాను. వరుస సాఫీగా సాగుతోంది. అందులో మా అక్క ఉంది. పిల్లకి కొత్త గౌను తొడిగి తెచ్చింది.

తన వంతు వచ్చాక నేను చీటీ అడిగాను. సొంత అక్కని.

"నాకు చీటీ ఏటిరా? నువ్వూ నేనూ ఒక ఇంట్లోనే ఉన్నాం కదా."

"అందుకే అక్కా. ఇంట్లో పిల్లకి వేయించేసుకున్నాడంటారు. నీది లంక కార్డు. అక్కడ వేయించు."

వెనకనున్న ముసలావిడ కల్పించుకుని, "ఏసెయ్ బాబూ, పసిపిల్ల. ఎవరంటారు ఏటంటారు?" అంది. అసలు ఎవరూ ఏమీ అనేలా లేరు. వరుసలో ఉన్న ప్రతివాళ్లూ ఆ పిల్లని ఎత్తుకుని ఆడించినవాళ్లే. అడ్డు చెప్పేవాడు వరండా మొత్తానికి నేనొక్కణ్ణే, ఆ అడ్డు కూడా రానున్న విమర్శకి నేను ముందుగా ఇచ్చుకుంటున్న సమాధానం. రూలు రూలేనండి అన్నాను. అక్క ఒక్క క్షణం నాకేసి చూసి, పిల్ల గౌను సర్దుకుని, వరుసలోంచి పక్కకి జరిగి ఇంటికి వెళ్లిపోయింది. మా ఇల్లు అక్కడికి పది గుమ్మాల దూరం.

సాయంత్రం అయ్యేసరికి జాబితాలో ఉన్నవాళ్లందరికీ ఎర్ర గీత పడింది. నర్సమ్మ గారు సీసా ఎత్తి వెలుతురులో చూసి, కలిపిన మందు ఇంకా నలుగురైదుగురికి సరిపోతుంది, గంటలో పారబోసెయ్యాలి, ఎవరైనా ఉంటే పిలవండి అన్నారు. నేను జాబితా చూశాను. ఎవరూ లేరండి, అందరికీ అయిపోయింది అన్నాను. జాబితా ప్రకారం అది నిజమే. ఆవిడ గంటసేపు కూర్చున్నారు, ఆ రోజుకి మొదటిసారి కుర్చీలో. తర్వాత లేచి సీసా మూసి, పారేసే డబ్బాలో పడేశారు.

ఆ ఆదివారం ప్రసంగంలో పాస్టరు గారు నా పేరు చెప్పలేదు గాని నా చీటీ గురించి చెప్పారట. సొంత తోబుట్టువుకైనా పక్షపాతం చూపని కుర్రాళ్లు ఈ రోజుల్లో కూడా ఉన్నారని. కులపెద్ద రేవు దగ్గర నలుగురిలో నా భుజం తట్టాడు. నేను వినయంగా నిలబడ్డాను. వినయం కూడా నాకు బాగానే వచ్చు.

అక్క నేను చెప్పినమాట విన్నది. మర్నాడే పడవెక్కి లంకకి వెళ్లింది. అక్కడికి నెలకోసారి వచ్చే సూది మనిషి అదృష్టవశాత్తు ఆ రోజే వచ్చింది. తన పుస్తకం చూసి, ఈ పిల్ల అమ్మమ్మ ఇంట్లో ఉందని రాసుకున్నానమ్మా, లెక్క ప్రకారమే మందు తెచ్చాను, వచ్చే నెల చూద్దాం, అయినా యానాంలో ఉన్న పిల్లకి యానాంలోనే వేస్తారు గదా అందిట. ఆవిడ తప్పేమీ లేదు. ఆవిడకీ ఒక జాబితా ఉంది. అక్క సాయంత్రం పడవకి తిరిగొచ్చింది. నేను అన్నం తింటున్నాను. వేయించావా అని అడిగితే, వచ్చే నెల అంది, చారు పోసింది.

మూడు వారాలు తిరక్కుండా చుట్టుపక్కల తట్టు లేచింది. మా పేటలోకి కూడా వచ్చింది. చిత్రమేమిటంటే, చీటీలున్న ఇళ్లు దాటుకుంటూ వెళ్లి, పురిటికొచ్చిన ఆడపిల్లలున్న గుమ్మాల్లోనే దిగింది. ఆ జబ్బు నా జాబితా చదువుకుని వచ్చినట్టుంది. ఎక్కడా పొరపాటు పడలేదు. మా ఇంటి ముందు వేపమండలు కట్టారు. అక్క పదిరోజులు పిల్లని ఒళ్లోంచి దించలేదు. ఒళ్లంతా ఎర్రగా పొక్కి, కళ్లు అంటుకుపోయి, ఆ తర్వాత చెవుల్లోంచి చీము కారింది. నర్సమ్మ గారు రోజూ వచ్చేవారు. చుక్కల మందు వేసేవారు, నాకేసి చూసేవారు కాదు. దేవుడి దయవల్ల అందరు పిల్లలూ కోలుకున్నారు. మా పిల్లకి కూడా జ్వరం తగ్గింది, పొక్కులు మాడాయి, చెవులు ఆరాయి, మళ్లీ పాకడం మొదలుపెట్టింది. మా అమ్మ దిష్టి తీసింది. నేను మళ్లీ జోకులు వేయడం మొదలుపెట్టాను.

నెల రోజుల తర్వాత కాబోలు, ఒక ఉదయం మా అత్త వీధి మొదట్లో కేక వేసింది. పిల్ల నట్టింట్లో కూర్చుని గవ్వతో ఆడుకుంటోంది. కదల్లేదు. ఆవిడ గుమ్మం దగ్గరికొచ్చి మళ్లీ కేక వేసింది. మాకే చెవులు గింగురుమన్నాయి. పిల్ల గవ్వని అటు తిప్పింది, ఇటు తిప్పింది. అత్త గంప దించి, పిల్ల వెనక్కి వెళ్లి చప్పట్లు కొట్టింది. పొయ్యి దగ్గరున్న మూకుడు మూత తీసి గరిటెతో వాయించింది. పిల్ల గవ్వని నోట్లో పెట్టుకుంది. మా అక్క వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తోంది. అత్త మూకుడు మీద మూత జాగ్రత్తగా పెట్టేసి, "పాలసొర తెచ్చానే అమ్మడూ, నాలుగు ముక్కలు తీసుకో, నీ ఒంటికి మంచిది" అంది. అక్క పళ్లెం తెచ్చింది. అత్త నాకేసి చూడలేదు. ఓ మాట తిట్టి ఉంటే ఇన్నేళ్లలో ఎప్పుడో మరిచిపోయి ఉండేవాణ్ణి.

కాకినాడలో పెద్ద డాక్టరు మాకు తెలిసిందే మళ్లీ చెప్పాడు.

మూడో విడతకి చీటీలు లేవు. ముందు మా అత్త గంపతో, వెనక నర్సమ్మ గారు ఐసుపెట్టెతో, ఆ వెనక నేను ఖాళీ పుస్తకంతో వీధులు తిరిగాం. అత్త ఏ గుమ్మం ముందు ఆగితే అక్కడ ఆగేవాళ్లం. ఎవరి కార్డు అని అడగలేదు. ముందు సూది, తర్వాత పేరు. కనకాలపేట, ఫరంపేట వాళ్లు కూడా తమ చేపల మనుషుల్ని వెంటపెట్టుకుని అలాగే చేశారు. పేటలో ఉయ్యాల ఊగుతున్న ఇల్లు ఒక్కటీ మిగల్లేదు. చూసి రాసుకోవడానికి ఎక్కడినుంచో ఒక పెద్దమనిషి వచ్చి, ఇంత గొప్ప ఆలోచన ఎలా వచ్చిందమ్మా అని అత్తనడిగాడు.

"ఆలోచనేటండి, ఇది మా బేరవండి" అంది అత్త. "మా అబ్బాయ్‌నడగండి, సదువుకున్నోడు. ఆడు మొదట్లో బాగా నవ్వాడు."

ఆ పెద్దమనిషి కూడా నవ్వాడు. పోతూ పోతూ నాకు అనుభవ పత్రం రాసిచ్చాడు, ప్రజలను కలుపుకుని పనిచేయడంలో ఈ యువకుడికి అరుదైన నేర్పు ఉందని. ఆ కాగితం చూపించే నాకు ఉద్యోగం వచ్చింది. దాని మీదే పెళ్లి చేసుకున్నాను, ఇల్లు కట్టుకున్నాను, శాలువా కప్పించుకుని దిగిపోయాను. అత్తకి ఎవరూ ఏ కాగితమూ ఇవ్వలేదు. ఇచ్చినా అందులో చేప చుట్టేది.

మా అక్కని ఎవరైనా అమ్మాయికి ఎందుకలా అయిందని అడిగితే, పసితనంలో తట్టు పోసిందండి అంటుంది, అక్కడితో ఆపుతుంది. నన్ను ఆ మాటల్లోకి రానివ్వకుండా ఇన్ని దశాబ్దాలు కాపలా కాసింది. మేనకోడలు కుట్టుపని నేర్చుకుంది. ఫరంపేటలో సగం జాకెట్లు ఆవిడ చేతివే. పెళ్లయింది, కొడుకు పుట్టాడు. వాడి సూదులన్నీ రోజులు లెక్కపెట్టుకుని నేనే దగ్గరుండి వేయించాను. తాతయ్యంటే ఇలా ఉండాలి అన్నారు చూసినవాళ్లు. మెచ్చుకోళ్లంటే భయపడడం అప్పటికే నాకు అలవాటైంది.

నా తోటివాళ్లు సాయంత్రం ఏటి గట్టు మీద చేరి, ఆ రోజుల్లో మనుషులకి మనుషులు తెలిసేవారండి, ఇప్పుడు పక్కింటివాడి పేరైనా తెలీదు అని వాపోతుంటారు. నేనూ తల ఊపుతాను. నిజమే, అప్పుడు అందరికీ అందరూ తెలుసు. ఏ పిల్ల ఎవరి కూతురో, ఏ నెలలో పుట్టిందో, ఎవరి పోలికో అన్నీ తెలుసు. అన్నీ తెలిసే చీటీ అడిగాం. ఇప్పటివాళ్లకి ఎవరూ తెలియదు, అందుకని ఎవర్నీ అడగరు, వేసేస్తారు. ఏది మంచికాలమో తేల్చుకోలేక, గట్టు మీద వాళ్లు లేవగానే నేనూ లేచి వస్తాను.

మా అక్క వాళ్లు లంకలో ఇల్లు అమ్ముకుని యానాం వచ్చేసినప్పుడు మొదట తాటాకుల ఇల్లే. మధ్యలో కప్పుని మోసే నిట్టాడు గుంజ ఉండేది. మేనకోడలు ఎప్పుడూ దానికి వీపు ఆనించి కూర్చుని కుట్టుకునేది. పిలవాలంటే ఇంట్లో ఎవరైనా, ఎక్కడున్నా, వాసానికో రాటకో రెండు దెబ్బలు వేస్తే అది నిట్టాటి గుండా వీపుకి తెలిసేది, తిరిగి చూసేది. కిందటేడు శ్లాబు ఇల్లు కట్టారు. గచ్చు నున్నగా ఉంది, గోడలు గట్టిగా ఉన్నాయి, ఎక్కడ కొట్టినా ఎక్కడికీ తెలియదు. ఇప్పుడు మా అక్క మోకాళ్లు పట్టుకుని లేచి, గదంతా నడిచివెళ్లి, కూతురి భుజం తాకాలి. నేనున్న రోజున అక్కని కూర్చోమని నేనే లేచి వెళతాను. భుజం మీద చెయ్యి పడగానే ఆ పిల్ల తిరిగి నన్ను చూసి నవ్వుతుంది, వేళ్లతో కాఫీ తాగావా అని అడుగుతుంది. తాగానంటాను. చెప్పవలసిన ఇంకో మాట ఉంది. దాన్ని వేళ్లతో ఎలా చెప్పాలో ఇంతవరకూ నేను నేర్చుకోలేదు.